పాత సర్వర్‌కి తాళం వేయలేదు: ఒక ట్యాలీ మార్పిడి డైరీ

నవంబర్ 12, 2025, బుధవారం

విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల హోల్‌సేల్ కొట్టు అది. క్లచ్ ప్లేట్లు, బేరింగులు, బ్రేక్ లైనింగులు, కమాన్ కట్టలు అమ్ముతారు. వాళ్ల సిస్టమ్‌లు చాలా ఏళ్లుగా నేనే చూస్తున్నాను. ఫోన్ వచ్చిందంటే ఎస్‌ఎంపీఎస్ (సిస్టంకి కరెంటు అందించే పెట్టె) కాలిందనో, ప్రింటర్‌లో రిబ్బన్ ఇరుక్కుందనో అయ్యుంటుంది. ఈసారి కొట్టు యజమాని పెద్దాయనే చేశారు. "అబ్బాయ్, తెర మీద రోజూ ఏదో నోటీసు వస్తోందట. మావాడు దాన్ని మూసేసి బిల్లు వేసుకుంటున్నాడు. ఒకసారి వచ్చి చూసిపో."

ఆ నోటీసు ఏమిటో వెళ్లకముందే తెలుసు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు అక్టోబర్ 14తో ఆగిపోయాయి. "ఇంకో ఏడాది నెట్టుకురాలేమా?" అన్నారాయన. నెట్టుకురావచ్చు, డబ్బు కట్టి అప్‌డేట్లు పొడిగించుకునే ఏర్పాటు ఉంది. కానీ అకౌంట్స్ గదిలో సర్వర్‌గా వాడుతున్న సిస్టం దగ్గర చెవి పెడితే హార్డ్ డిస్క్ టిక్కుటిక్కుమంటోంది. ఆ చప్పుడు విన్నాక విండోస్ గొడవ నాకు రెండోదైపోయింది. డిస్క్ పోతే లెక్కలు పోతాయంటే పెద్దాయనకి వెంటనే ఎక్కింది. సెక్యూరిటీ ప్యాచ్ గురించి ఎంత చెప్పినా ఆయనకి ఎక్కదు.

ఇప్పుడున్నవి నాలుగు. అకౌంట్స్ గదిలో సర్వర్, అంటే మిగతావి లెక్కలు తెరిచే ప్రధాన సిస్టం, నాలుగో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్‌ది. కేబిన్‌లో పెద్దాయనది కూడా అలాంటిదే. గోడౌన్‌లో ఉన్నది ఇంకా ముసలిది, అందులో 32 బిట్ విండోస్ 7. కౌంటర్‌లో ఉన్నది మాత్రం ఎనిమిదో తరం ఐ3 కాబట్టి దాన్ని పోయిన ఏడాదే విండోస్ 11కి మార్చాను. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే కింది వాటిని ఒప్పుకోదు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలంటుంది. మిగతా మూడూ ఆ లెక్కలో తప్పిపోయాయి.

మూడు మార్చాలి, ఒకటి ఉన్నది ఉన్నట్టు ఉంచాలి, రెండో కౌంటర్ కోసం ఒకటి కొత్తగా చేర్చాలి. మొత్తం ఐదవుతాయి. ముహూర్తం కూడా అక్కడే పెట్టుకున్నాం. ప్రతి నెలా జీఎస్టీ రిటర్నులు వెళ్లాలి, 11న జీఎస్టీఆర్-1, 20న 3బి. ఆ రెండూ అయ్యాక వచ్చే ఆదివారం 23వ తేదీ. ఆ రోజు కొట్టు మూసి ఉంటుంది.

నవంబర్ 15, శనివారం

ఈ రోజు ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. ఒక్కొక్కళ్ల పక్కన కుర్చీ వేసుకుని, వాళ్లు పొద్దున సిస్టం ఆన్ చేసిన దగ్గర్నుంచి ఏం నొక్కుతున్నారో రాసుకున్నాను. లెక్కలు, బిల్లులు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ మార్చడం గంట పని. ఇన్‌స్టాల్ చేసి, డేటా ఫోల్డర్ కాపీ చేసి, లైసెన్స్ యాక్టివేట్ చేస్తే అయిపోయింది. ప్రాణం తీసేది దాని చుట్టూ అల్లుకున్న సామాను. అది ఎక్కడా రాసి ఉండదు, వాడేవాళ్ల వేళ్లలో ఉంటుంది. "మీరేం వాడతారు?" అని అడిగితే అందరూ "ట్యాలీ, వాట్సాప్" అంటారు. పక్కన కూర్చుంటే పదమూడు బయటపడ్డాయి.

అకౌంటెంట్ అక్క దగ్గర దొరికిన వాటిలో కొన్ని ఇవి. బిల్లు ఫార్మాట్ ట్యాలీతో వచ్చింది కాదు. పార్ట్ నంబరు, ర్యాక్ నంబరు విడి గడుల్లో వచ్చేలా ఎవరో రాసిచ్చిన టీడీఎల్ ఫైలు (ట్యాలీకి అదనంగా తగిలించే కోడ్) డి డ్రైవ్‌లో ఉంది. పార్టీల బాకీల ఎక్సెల్ షీటు ఇంకో మూడు షీట్ల నుంచి అంకెలు లాక్కుంటుంది, ఆ మూడూ 'ఈ' అనే అక్షరమున్న ఇంకో డ్రైవ్‌లో ఉన్నాయి. కొత్త సిస్టమ్‌లు సాధారణంగా సి డ్రైవ్ ఒక్కదానితోనే వస్తాయి. డి, ఈ లేకపోతే ఈ ఫైళ్లన్నీ దిక్కులేనివైపోతాయి. సంక్రాంతికి పార్టీలకి పంపే తెలుగు ఉత్తరాలు అను ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంట్లు లేని సిస్టంలో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసి ఏదో శాపనార్థంలా కనిపిస్తాయి. టెండర్లకి వాడే, యూఎస్‌బీలో గుచ్చే డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్ ఉంది, దాని డ్రైవర్ సీడీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

"అక్కా, ట్యాలీ లైసెన్స్ ఏ మెయిల్ మీద ఉంది?" అని అడిగాను. "మెయిలా తమ్ముడూ? అదేమో నాకు తెలీదు, నేను చేరేటప్పటికే అది తిరుగుతోంది" అంది.

గోడౌన్‌లో అసలు సంగతి తెలిసింది. అక్కడి బాబాయి ట్యాలీ జోలికే పోడు. నల్ల తెర మీద నీలం పెట్టెలతో ఒక ప్రోగ్రామ్ నడుస్తోంది. ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో రాసింది, 1990ల నాటిది. పార్ట్ నంబరు కొడితే దానికి సరిపోయే మారు నంబర్లు, ఏ ర్యాక్‌లో ఉంది, ఏ బండికి పడుతుంది అన్నీ వస్తాయి. ఒక చేత్తో బేరింగు పట్టుకుని, కీబోర్డు చూడకుండానే రెండో చేత్తో నంబరు కొడతాడు. నేను "ఇది కొత్త దాంట్లో నడవదు బాబాయ్" అంటే ఆయన తల ఎత్తకుండానే "అయితే కొత్తది నాకొద్దులే" అన్నాడు.

ఆయన్ని తప్పుపట్టలేను. ఇలాంటి 16 బిట్ డాస్ (విండోస్‌కి ముందు కాలం పద్ధతి) ప్రోగ్రాములు 64 బిట్ విండోస్‌లో నడవవు. విండోస్ 11 వచ్చేదే 64 బిట్‌లో. ఇన్నాళ్లూ ఆ మూలన ముసలి సిస్టం బతికి ఉండబట్టే ఈ ప్రోగ్రామూ బతికింది.

నవంబర్ 18, మంగళవారం

మెయిల్ దొరికింది. నాలుగేళ్ల కింద మానేసి వెళ్లిన పాత అకౌంటెంట్ సొంత జీమెయిల్ అది. ట్యాలీ లైసెన్స్ సిస్టంకి కట్టి ఉంటుంది. కొత్త దాంట్లో యాక్టివేట్ చేయాలంటే ముందు పాత దాంట్లో సరెండర్ చేయాలి, అంటే లైసెన్స్ వదులుకోవాలి. కొత్తలో యాక్టివేట్ చేసేటప్పుడు తాళం చెవి లాంటి కోడ్ మెయిల్‌కే వస్తుంది. అంటే ఆదివారం నాడు, అందులోనూ మధ్యాహ్నం భోజనాల వేళ, గుడివాడలో ఉన్న ఒక మనిషి తన మెయిల్ చూసి మాకు అంకెలు చదవాలి.

మంచివాడే. ఫోన్ ఎత్తాడు, పాస్‌వర్డ్ మార్చి చెప్పాడు కూడా. ఆ వెంటనే ఖాతా అడ్మినిస్ట్రేటర్‌గా కొట్టు పేరుతో తీసిన మెయిల్‌ని పెట్టించాం. ఆ రెండు ఫోన్లకి పట్టిన టైము ఇరవై నిమిషాలు. ఇదే మాట ఆదివారం సరెండర్ కొట్టేశాక తెలిసి, ఆయన ఏ పెళ్లిలోనో ఉండి ఫోన్ ఎత్తకపోయి ఉంటే సోమవారం కొట్టు ఎడ్యుకేషనల్ మోడ్‌లో, అంటే లైసెన్స్ లేనివాళ్లు నేర్చుకోవడానికి ఇచ్చేదాంట్లో తెరుచుకునేది. అందులో నెలలో ఏవో కొద్ది తేదీలు తప్ప వేరే తేదీతో బిల్లు పడదు.

సాయంత్రం ఒక స్నేహితుడు "ఇంత తతంగం ఎందుకురా, పాత డిస్క్‌ని కొత్త ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ కొట్టెయ్" అన్నాడు. ఆశగానే ఉంటుంది. కానీ చచ్చిపోతున్న డిస్క్‌ని అక్షరం పొల్లుపోకుండా కాపీ చేయడమంటే దాని రోగాన్నీ కాపీ చేయడమే. బూట్ పద్ధతి (సిస్టం లేచే తీరు) కూడా వేరు, పాతది లెగసీ, కొత్త బోర్డుకి యూఈఎఫ్‌ఐ కావాలి. పైగా హార్డ్‌వేర్ మారింది కాబట్టి లైసెన్స్ ఎలాగూ మళ్లీ యాక్టివేట్ చేయాల్సిందే. పదేళ్ల చెత్త మోసుకెళ్లడం తప్ప కలిసొచ్చేది లేదు. శుభ్రంగా కొత్తగా వేస్తున్నాను.

నవంబర్ 21, శుక్రవారం

నాలుగు కొత్త సీపీయూలు ఇంట్లో హాల్లో వరసగా పెట్టుకున్నాను. మా ఆవిడ వాటి మధ్య నుంచి దారి చేసుకుని వంటింట్లోకి వెళ్తోంది.

ముందుగా సి డ్రైవ్ తగ్గించి డి, ఈ అక్షరాలతో విభజనలు చేశాను. చూడ్డానికి పాతకాలం పద్ధతే, కానీ అక్క ఎక్సెల్ షీట్లు ఒక్క లింకు కూడా తెగకుండా తెరుచుకుంటాయి. ఆ షీట్లని సరిదిద్దే పనికన్నా ఇది వందరెట్లు నయం.

తర్వాత ట్యాలీప్రైమ్ (ఇప్పటి ట్యాలీ పేరు) ఏ రిలీజ్, అంటే ఏ వెర్షన్ వేయాలి? చేయి తిన్నగా సరికొత్త దాని మీదకే పోతుంది. ఆపుకున్నాను. కొన్ని రిలీజులు డేటాని కొత్త రూపంలోకి మార్చుకుంటాయి, 3.0 అలాంటిదే. ఒకసారి మారాక పాత రిలీజ్ దాన్ని తెరవలేదు. సోమవారం ఏదైనా తేడా వచ్చి పాత సర్వర్‌కి వెనక్కి రావాల్సి వస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఒక రోజు ఒక మార్పు చాలు. పాత సర్వర్‌లో ఏ రిలీజ్ ఉందో అదే సెటప్ నా పెన్‌డ్రైవ్‌లో ఉంది, అదే వేశాను. కొత్త రిలీజ్‌కి వెళ్లడం నెల తర్వాత చూద్దాం, కొత్త రిలీజులు ఇచ్చే టీఎస్‌ఎస్ చందా గడువు మార్చి దాకా ఉంది.

మధ్యాహ్నం ఒక సీపీయూని కొట్టుకి తీసుకెళ్లి నెట్‌వర్క్‌లో పెట్టి చూశాను. పాత సర్వర్ షేర్ (నెట్‌వర్క్‌లో అందరూ వాడే ఫోల్డర్) తెరుచుకోలేదు. మీ సంస్థ సెక్యూరిటీ పాలసీ గెస్ట్‌గా రావడాన్ని ఒప్పుకోదని ఒక ఎర్రర్. ఏ సంస్థ, ఏ పాలసీ! ఆ షేర్‌ని ఎప్పుడో 'ఎవ్రీవన్' అని పెట్టి పాస్‌వర్డ్ లేకుండా వదిలేశాను. విండోస్ 11 ప్రోలో 24హెచ్2 వెర్షన్ నుంచి ఇలా పాస్‌వర్డ్ లేకుండా లోపలికి దూరడం డీఫాల్ట్‌గా కట్టేశారు. దాన్ని తెరిచే రిజిస్ట్రీ చిట్కా నెట్‌లో దొరుకుతుంది, చాలామంది అదే చేస్తున్నారు. నేను చేయలేదు. కొత్త సర్వర్‌లో ఒక్కో సీటుకీ ఒక యూజర్, ఒక పాస్‌వర్డ్ పెట్టి, ఆ సిస్టమ్‌లలో పాస్‌వర్డ్‌లు గుర్తుంచుకునే క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాచాను. అరగంట ఎక్కువ పట్టింది. ఇప్పుడు గోడౌన్ వాళ్లకి డేటా ఫోల్డర్ తప్ప మిగతావి కనపడవు, అది ముందే చేయాల్సిన పని.

నవంబర్ 23, ఆదివారం

పొద్దున తొమ్మిదికి పెద్దాయనే వచ్చి షట్టర్ ఎత్తారు. అక్క కూడా వచ్చింది, ఆమె లేకుండా లెక్కలు సరిపోల్చడం కుదరదు.

అన్ని సిస్టమ్‌లలో ట్యాలీ మూయించి ముందు మామూలుగా బ్యాకప్ తీశాను. ఆల్ట్ వై, బ్యాకప్, పెన్‌డ్రైవ్. తర్వాత స్టాటిస్టిక్స్ రిపోర్టు తెరిచి, ఎన్ని లెడ్జర్లు, ఎన్ని స్టాక్ ఐటమ్‌లు, ఏ రకం వోచర్లు ఎన్ని ఉన్నాయో అక్క క్యాలెండర్ వెనక రాసింది. ట్రయల్ బ్యాలెన్స్ మొత్తం, ముగింపు స్టాక్ విలువ, ఆఖరి సేల్స్ బిల్లు నంబరు కూడా. స్టాక్ ఐటమ్‌లు పదకొండు వేల పైచిలుకు.

డేటా ఫోల్డర్‌లో కంపెనీ పేరు కనపడదు, అంకెల పేర్లతో ఫోల్డర్లుంటాయి. ఏ అంకె ఏ కంపెనీదో ట్యాలీ లోపలి జాబితాలో చూసుకోవాలి. ఈ కొట్టుకి మూడు ఫోల్డర్లు, ఒకటి ఎప్పుడో మూసేసిన భాగస్వామ్య సంస్థది. అది కూడా తీసుకున్నాను. జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల దాకా లెక్కలు దాచాలి, ఏది పనికిరానిదో నిర్ణయించే మనిషిని నేను కాదు.

కాపీకి విండోస్‌తోనే వచ్చే రోబోకాపీ వాడాను. టిక్కుటిక్కుమనే డిస్క్ మీద దీన్ని ఊరికే వదిలితే ఒక్క చెడ్డ ఫైలు దగ్గర ముప్పై సెకన్లకోసారి పది లక్షల సార్లు ప్రయత్నిస్తూ కూర్చుంటుంది. దాని మామూలు అలవాటే అది. అందుకని ఒక్కసారే, ఒక్క సెకను ఆగి ప్రయత్నించమని చెప్పి, లాగ్ ఫైలు రాయించాను. ట్యాలీ డేటా పూర్తిగా వచ్చింది. దొరకనివి మూడు, మూడూ ఎప్పటివో సినిమా పాటలు. "పోతే పోయాయిలే" అంది అక్క. పెద్దాయన మాత్రం ఏ పాటలో అడిగారు.

ఒంటిగంటకి పాత సర్వర్‌లో సరెండర్, కొత్త దాంట్లో యాక్టివేషన్. మెయిల్ కొట్టు ఫోన్‌కే వచ్చింది. గుడివాడ ఆయన్ని ప్రశాంతంగా భోంచేయనిచ్చాం.

కంపెనీ తెరిచాక క్యాలెండర్ పక్కన పెట్టుకుని అక్క ఒక్కో అంకె చదివింది, నేను తెర మీద వేలు పెట్టి చూపించాను. అన్నీ కుదిరాయి.

పాత సర్వర్ పేరు మార్చి, ఆ పేరుని కొత్త సర్వర్‌కి పెట్టాను. అందువల్ల మిగతా సిస్టమ్‌లలో దారి మార్చే పని ఉండదు. తాతగారి పేరు మనవడికి పెట్టినట్టు. పాత సర్వర్‌ని ఆపలేదు. అను ఫాంట్లు, అక్క ఫోటోలు, డాంగిల్ డ్రైవర్ ఇంకా అందులో ఉన్నాయి, తీరిగ్గా తీసుకోవచ్చనుకున్నాను. దాని ఐపీ (నెట్‌వర్క్‌లో సిస్టం నంబరు) 192.168.1.10 దానికే ఉంచి, కొత్తదానికి చివర 20 ఇచ్చాను.

ఇక్కడే తప్పు చేశాను. అప్పటికి తెలియలేదు.

సాయంత్రమంతా రెండో కౌంటర్ ప్రింటర్ మింగేసింది. పది అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల పొడవున్న, ముందే కొట్టు పేరు అచ్చేసిన కంటిన్యువస్ పేపరు వాళ్లది. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కొత్తది, యూఎస్‌బీ. మొదటి బిల్లు చక్కగా పడింది. రెండో బిల్లు పేపరు అడుగు నుంచి మొదలైంది. మూడోదాని మొత్తం, తర్వాతి పేపరు మీదున్న కొట్టు పేరు మీద పడింది. కొత్త విండోస్‌కి ఆ సైజు పేపరు అనేది ఒకటుందని తెలియదు, అది లెటర్ సైజు అనుకుని బిల్లు అయ్యాక మిగతా ఐదు అంగుళాలు తోసేస్తోంది. ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో కొత్త ఫారం ఒకటి తయారుచేసి, 10 బై 6 కొలతలిచ్చి, దానికి పేరు పెట్టి, ప్రింటర్ ప్రిఫరెన్సెస్‌లో అది ఎంచి, మళ్లీ ట్యాలీలో పేపరు రకం దగ్గర అదే ఎంచాలి. ఈ మూడు చోట్లలో ఒక్కటి తప్పినా పేపరు జారుతుంది. పాత కౌంటర్‌లో ఇది ఎప్పుడో నేనే చేసి ఉంటాను, ఆ జ్ఞానం ఆ సిస్టంతోనే ఉండిపోయింది. ఈసారి తెర ఫోటోలు తీసి ఫోన్‌లో పెట్టుకున్నాను.

రాత్రి తొమ్మిదికి షట్టర్ దించాం.

నవంబర్ 24, సోమవారం

పొద్దున పదిన్నరకి రెండో కౌంటర్ అబ్బాయి ఫోన్. "అన్నా, ఈ-ఇన్వాయిస్ రిజెక్ట్ అవుతోంది, డూప్లికేట్ అంటోంది." జీఎస్టీ ఉన్న పార్టీల బిల్లుల్ని ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కించడమే ఈ-ఇన్వాయిస్. పోర్టల్ గొడవేమో, ఒకసారి మళ్లీ కొట్టమన్నాను. మళ్లీ అదే. ఇంకో పార్టీ బిల్లు కూడా అదే. అప్పుడు కడుపులో చల్లగా అయింది. ఈ-ఇన్వాయిస్‌కి ఇచ్చే ఐఆర్‌ఎన్ అనే గుర్తింపు సంఖ్య అమ్మేవాళ్ల జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, బిల్లు నంబరు కలిపి పుడుతుంది. డూప్లికేట్ అంటోందంటే అదే నంబరుతో ఇంకో బిల్లు అప్పటికే ఎక్కింది. ఎవరు ఎక్కించారు?

బండి తీసుకుని వెళ్లేసరికి మొదటి కౌంటర్‌లో ఏ అనుమానమూ లేకుండా బిల్లులు పడుతున్నాయి. రోజువారీ బిల్లుల జాబితా, డే బుక్ తెరిచాను, పొద్దుట్నుంచి ఏడు బిల్లులు. అక్క సిస్టంలో తెరిచాను, అందులో నాలుగు, అవి వేరే నాలుగు. ఒకే కంపెనీ, ఒకే తేదీ, రెండు లోకాలు.

కారణం దొరకడానికి పావుగంట పట్టింది. మొదటి కౌంటర్‌ని పోయిన ఏడాది విండోస్ 11కి మార్చినప్పుడు, సర్వర్ పేరు ఎందుకో పట్టకపోతే ఐపీ నంబరు కొట్టి, యూజర్ నేమ్ పెట్టి సర్వర్ ఫోల్డర్‌ని జెడ్ డ్రైవ్‌గా కలిపింది నేనే. ట్యాలీ డేటా దారి ఆ జెడ్ డ్రైవ్. లైసెన్స్ దారి మాత్రం సర్వర్ పేరుతో ఉంది. కాబట్టి పొద్దున తెరవగానే లైసెన్స్ పేరు చూసుకుని కొత్త సర్వర్‌కి వెళ్లింది, డేటా నంబరు చూసుకుని పాత సర్వర్‌కి వెళ్లింది. లైసెన్స్ కూడా పాత దారిలోనే వెళ్లుంటే ఎడ్యుకేషనల్ మోడ్ వచ్చి వెంటనే తెలిసేది. ఆదివారం రాత్రి డేటా కాబట్టి బాకీలు, స్టాక్ అన్నీ సరిగ్గానే కనిపించాయి, ఆ అబ్బాయికి తెలిసే దారే లేదు. అన్నిటికీ పేర్లు మార్చి, అసలు పాత ఇంటికి తాళం వేయడం మర్చిపోయాను. కాపీ అవగానే పాత డేటా ఫోల్డర్ పేరు మార్చేసి, షేర్ తీసేసి ఉంటే జెడ్ డ్రైవ్ తెరుచుకునేదే కాదు, పొద్దున తొమ్మిదికే ఫోన్ వచ్చేది, ఐదు నిమిషాల్లో అయ్యేది.

ముందు పాత సర్వర్ నెట్‌వర్క్ కేబుల్ పీకాను. తర్వాత ముగ్గురం కూర్చుని రెండు డే బుక్‌లూ ప్రింట్ తీసుకున్నాం.

పాత డేటాలో పడిన ఏడు బిల్లుల్లో మూడు జీఎస్టీలో రిజిస్టర్ అయిన పార్టీలవి, వాటికి ఐఆర్‌ఎన్ వచ్చేసింది, సరుకు కూడా వెళ్లిపోయింది. మిగతా నాలుగు చిల్లర అమ్మకాలు. కొత్త డేటాలో అవే నంబర్లతో ఉన్న నాలుగింటిలో రెండింటిని పోర్టల్ తోసేసింది, మిగతా రెండూ చిల్లరవి. ఈ-ఇన్వాయిస్‌ని 24 గంటల్లోపు రద్దు చేయొచ్చు, నిజమే. కానీ రద్దయిన నంబరు మళ్లీ వాడుకోనివ్వదు, పైగా సరుకుతో వెళ్లిన కాగితం మీద ఉన్నది ఆ నంబరే. పోర్టల్‌లో ఎక్కిన నంబరే అసలు నంబరు, అది ముట్టుకోకూడదు. కాబట్టి కొత్త డేటాలో ఉన్న నాలుగింటి నంబర్లు మార్చాం, ఏడు తర్వాత వచ్చే నంబర్లిచ్చాం. వాటిలో పోర్టల్ తోసేసిన రెండూ ఇంకా ప్రింట్ కాలేదు, అదృష్టం. చిల్లర బిల్లులు తీసుకున్న ఇద్దరికీ ఫోన్ చేసి మార్చిన బిల్లు వాట్సాప్‌లో పంపాం. ఆ తర్వాత పాత డేటాలోని ఏడింటినీ అవే నంబర్లతో కొత్తదాంట్లో చేత్తో ఎక్కించాం. ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ చేయొచ్చు గానీ ఏడు బిల్లులకి ఆ సాహసం వద్దనిపించింది. మూడు ఐఆర్‌ఎన్‌లు, వాటి అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబర్లు, తేదీలు ఒకరు చదువుతుంటే ఒకరు కొట్టి, మూడో మనిషి సరిచూశారు. ఐఆర్‌ఎన్‌లో 64 అక్షరాలుంటాయి. అక్క చదివే పద్ధతి బావుంది, నాలుగేసి అక్షరాలకి ఒక ఊపిరి తీసుకుంటుంది.

రెండున్నర అయింది. పెద్దాయన ఒక్క మాట అనలేదు. భోజనం తెప్పించారు, దాంతో ఇంకా సిగ్గేసింది.

నవంబర్ 28, శుక్రవారం

గోడౌన్ సంగతి ఇంకా అలాగే ఉంది. ముందు తెలివిగా, ఫాక్స్‌ప్రో డీబీఎఫ్ ఫైళ్లని ఎక్సెల్‌లో తెరిచి, ఫిల్టర్లు పెట్టి, రంగులు వేసి బాబాయికి చూపించాను. ఎక్సెల్ వాటిని బాగానే తెరుస్తుంది. ఆయన మౌస్ పట్టుకుని ఒక నిమిషం అటూ ఇటూ తిప్పి, "దీంట్లో ఎలకని పట్టుకుంటే బేరింగు ఏ చేత్తో పట్టుకోవాలిరా?" అన్నాడు.

అందుకని డాస్‌బాక్స్-ఎక్స్ వేశాను. డాస్ ఉన్న పాత సిస్టంని కొత్త విండోస్ లోపల నటించి చూపించే ఉచిత ప్రోగ్రామ్ అది. ఫోల్డర్‌ని డ్రైవ్‌గా కలిపి, తెరవగానే ప్రోగ్రామ్ తనంతట తానే నడిచేలా కాన్ఫిగరేషన్ ఫైలు చివర నాలుగు లైన్లు రాశాను. నీలం పెట్టెలు వచ్చాయి. బాబాయి మొహం వెలిగింది. పార్ట్ నంబరు కొట్టగానే ఆగిపోయింది. మెమో ఫైలు లేదంటోంది.

కాపీ చేసేటప్పుడు డీబీఎఫ్, సీడీఎక్స్ రకాల ఫైళ్లు మాత్రమే ఎంచుకున్నాను, ఒకటి డేటా, రెండోది దాని సూచిక. పొడుగు రాతలు ఫాక్స్‌ప్రో వేరే ఎఫ్‌పీటీ ఫైల్లో దాస్తుంది, దాన్ని వదిలేశాను. పాత డిస్క్‌లో ఉంది, తెచ్చి పక్కన పెట్టగానే తెరుచుకుంది. అందులో ఏముందో అప్పుడు చూశాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. 'పాత మోడల్‌కి పట్టదు, వాషర్ వేస్తే పడుతుంది.' 'ఈ కంపెనీది మూడు నెలలకే అరుగుతుంది, రెగ్యులర్ పార్టీలకి ఇవ్వొద్దు.' 'బస్సుకి వద్దు.' ముప్పై ఏళ్లుగా ఆయన ఒక్కో ముక్కా కొట్టి పెట్టుకున్నవి. ట్యాలీలో ఇలాంటిది ఒక్క ముక్క లేదు. ఆ ఫోల్డర్‌ని అప్పటికప్పుడు రెండు పెన్‌డ్రైవ్‌లలోకి తీసి, ఒకటి అక్క బీరువాలో పెట్టించాను.

డిసెంబర్ 11, గురువారం

జీఎస్టీఆర్-1 వెళ్లింది. ఆ పదకొండు బిల్లుల్లో రిజిస్టర్ పార్టీలవి పోర్టల్‌లోనూ ట్యాలీలోనూ ఒకటే చూపిస్తున్నాయి. అక్క ఆ క్యాలెండర్ కాగితం చింపేయబోతే ఆపి, తేదీ వేయించి ఫైల్లో పెట్టించాను.

డాంగిల్ డ్రైవర్ పాత సర్వర్ డౌన్‌లోడ్స్‌లో దొరికింది, సంతకం పడుతోంది. అను ఫాంట్లు ఎక్కించాను. మొదటి కౌంటర్‌లో జెడ్ డ్రైవ్ తీసేసి, దారిని సర్వర్ పేరుతోనే పెట్టాను. నేను చూసే మిగతా మూడు కొట్ల సిస్టమ్‌లలో కూడా ఐపీ నంబర్లతో కట్టినవి ఎన్ని ఉన్నాయో చూశాను, రెండు దొరికాయి.

పాత సర్వర్ డిస్క్ విప్పి, సీపీయూ నంబరు, తేదీ రాసిన కాగితం అతికించి, మెత్తటి కవర్లో చుట్టి బీరువా పై అరలో పెట్టాం. ఈసారి వైర్లేవీ లేవు దానికి. ఆ ఖాళీ సీపీయూని బాబాయి అడిగి తీసుకున్నాడు, గోడౌన్‌లో ర్యాక్ ఎక్కడానికి మెట్టులా బావుంటుందట.

పెద్దాయన కేబిన్‌లో ప్రింటర్ ఇంకా కలపలేదు. సినిమా పాటల గురించి మళ్లీ అడిగారు.